యుద్ధం వద్దన్న అధ్యక్షుడు – ఉడ్రో విల్సన్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక చారిత్రక వ్యక్తి జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన దేశ నాయకుల గురించి వ్రాయడానికి నాకంటే సమర్థులు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను సముద్రం దాటి అమెరికా దేశపు 28వ అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ గారిని ఎంచుకున్నాను. ఆయన తన దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచుతానని చెప్పి, రెండున్నర సంవత్సరాలు అలాగే ఉంచి, చివరకు తానే యుద్ధంలోకి దింపిన మనిషి. రెవెన్యూ శాఖలో 34 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసిన నాకు ఆయన జీవితం చదువుతుంటే అడుగడుగునా కాగితం, ఫైలు, సంతకం కనిపించాయి. పై అధికారి బల్ల మీద పడిన సంతకం ఎక్కడో పల్లెటూరి పొయ్యి దాకా ఎలా వెళుతుందో మనకు తెలియనిది కాదు కదా!

విల్సన్ 1856 డిసెంబరు 28న వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్ అనే ఊళ్ళో జన్మించారు. తండ్రి ప్రెస్బిటీరియన్ చర్చిలో మతబోధకుడు. పసితనంలోనే కుటుంబం జార్జియా రాష్ట్రంలోని అగస్టాకు తరలింది. బానిసత్వం విషయమై ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరిగిన రోజులవి. తండ్రిగారి చర్చినే గాయపడిన సైనికులకు ఆసుపత్రిగా మార్చారు. యుద్ధమంటే ఏమిటో ఆ పిల్లవాడు పాఠ్యపుస్తకంలో కాక ఇంటి పక్కనే చూశాడు. పదేళ్ళ వయసు వచ్చేదాకా అతనికి చదవడం సరిగా పట్టుబడలేదు. ఆ తరువాత పట్టుదలతో షార్ట్ హ్యాండ్ సొంతంగా నేర్చుకున్నాడు, టైపు నేర్చుకున్నాడు. అధ్యక్షుడైన తరువాత కూడా ముఖ్యమైన ప్రసంగాలు, రాజ్యపత్రాలు మొదట షార్ట్ హ్యాండులో వ్రాసుకొని, తానే టైపు మిషను ముందు కూర్చుని కొట్టుకునేవారు. స్టెనో మిత్రులు గర్వించదగిన విషయమే.

1879లో ప్రిన్స్‌టన్‌లో పట్టం పొందారు. న్యాయశాస్త్రం చదివి అట్లాంటాలో ప్రాక్టీసు పెట్టారు గాని కక్షిదారులు రాలేదు. మళ్ళీ చదువులోకి వెళ్ళి 1886లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకున్నారు. ఇంతవరకు పి.హెచ్.డి. ఉన్న అమెరికా అధ్యక్షుడు ఆయన ఒక్కరే. 1887లో పరిపాలన అనేది రాజకీయం నుంచి వేరైన ఒక శాస్త్రమని వాదిస్తూ వ్యాసం వ్రాశారు. ప్రభుత్వ పాలన సబ్జెక్టుగా తీసుకుని పరీక్షలు వ్రాసిన మన పిల్లలందరూ మొదటి పాఠంలో చదివేది ఆ వ్యాసం గురించే. 1885లో ఎల్లెన్ గారితో వివాహమైంది. ముగ్గురు కుమార్తెలు. పెద్దమ్మాయి మార్గరెట్ సంగతి మనకు దగ్గరిది, దానిని చివర మనవి చేస్తాను.

1902లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు, 1911లో న్యూజెర్సీ గవర్నరు, 1913 మార్చిలో దేశాధ్యక్షుడు. పంతులుగా ఉన్నాయన మూడేళ్ళలో ఇంత ఎత్తుకు వెళ్ళడానికి ఎదుటి పార్టీలో చీలిక కూడా కారణం. వచ్చీ రాగానే సుంకాలు తగ్గించి, ఆదాయపు పన్ను చట్టం చేశారు. దేశానికి ఫెడరల్ రిజర్వ్ అనే కేంద్ర బ్యాంకు వ్యవస్థను ఏర్పరచారు. అప్పుడు ఆదాయపు పన్ను నూటికి ఒకటి నుంచి ఏడు వరకు మాత్రమే. కలిగినవారు తప్ప ఎవరూ కట్టనక్కరలేదు. ఈ అంకె గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి. విల్సన్ ప్రభుత్వం మొదటి సంవత్సరంలోనే తపాలా శాఖలోను, ఖజానా శాఖలోను నల్లజాతి ఉద్యోగులను వేరు చేసింది. అంతవరకు ఒకే గదిలో పనిచేసిన గుమాస్తాల మధ్య తెరలు అడ్డం పెట్టించారు. భోజనాల గదులు, మరుగుదొడ్లు వేరు చేశారు. 1914 నుంచి ఉద్యోగ దరఖాస్తుతో ఫోటో జతచేయాలని నిబంధన తెచ్చారు. మార్కులు ఎన్ని వచ్చినా ముఖం చూసి పక్కన పెట్టవచ్చునన్నమాట. బోస్టన్ పత్రికా సంపాదకుడు మన్రో ట్రాటర్ మరికొందరిని వెంటబెట్టుకుని వచ్చి నిలదీస్తే, విల్సన్ ఆయన మాట తీరు బాగాలేదని కోపించి పంపివేశారు. 1912లో ఆయనకు ఓట్లు వేయించిన నల్లజాతి నాయకులే వీరు. పాత జీవిత చరిత్రలు చాలావరకు ఈ సంగతిని రెండు వాక్యాలలో దాటవేశాయి. రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మనకు ఇది దాటవేయదగిన సంగతిగా కనిపించదు. ప్రపంచానికంతటికీ స్వేచ్ఛ కావాలని తరువాత చెప్పిన మనిషి తన కచేరీలోనే తెర కట్టించారని మరిచిపోకుండా మిగతా కథ చదవాలి.

1914 ఆగస్టులో ఐరోపా అంటుకుంది. అదే వారంలో విల్సన్ ఇంట్లో భార్య మూత్రపిండాల వ్యాధితో మంచం మీద ఉన్నారు. ఆగస్టు 4న అమెరికా తటస్థ దేశమని ప్రకటన వెలువడింది. 6న ఎల్లెన్ గారు కన్నుమూశారు. ఆ దుఃఖంలోనే, 19వ తేదీన, ప్రజలు చేతలలోనే కాదు ఆలోచనలో కూడా ఏ పక్షం వహించవద్దని విజ్ఞప్తి చేశారు. అది చెప్పినంత సులభం కాదు. ఆ దేశంలో జర్మనీ నుంచి వచ్చినవారి సంతతి లక్షల సంఖ్యలో ఉన్నారు, ఇంగ్లండు అంటే మండిపడే ఐరిష్ వారు ఉన్నారు, ఇంగ్లండును తల్లిగా తలచే పాత కుటుంబాలు ఉన్నాయి.

తటస్థత ప్రకటనలో ఉంది, ఖాతా పుస్తకంలో లేదు. ఇది నా అభిప్రాయం. లెక్కలు చూడండి. యుద్ధం మొదలైన ఏడాది ఇంగ్లండు, ఫ్రాన్సు పక్షానికి అమెరికా అమ్మిన సరుకు సుమారు 82 కోట్ల డాలర్లు. 1916 నాటికి అది సుమారు 320 కోట్లు. అదే కాలంలో జర్మనీ పక్షానికి అమ్మకం సుమారు 17 కోట్ల నుంచి 10 లక్షల చిల్లరకు పడిపోయింది. బ్రిటిష్ నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధం చేసి జర్మనీకి ఏమీ పోనివ్వలేదు. విల్సన్ నిరసన లేఖలు పంపారు, అంతకు మించి పట్టుబట్టలేదు. మొదట్లో విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయాన్ యుద్ధంలో ఉన్నవారికి అప్పులిస్తే తటస్థత నిలవదని అడ్డుపడ్డారు. డబ్బు అన్నిటికన్నా చెడ్డ నిషిద్ధ సరుకని ఆయన వాదం. కాని కొనేవాడి దగ్గర డబ్బు అయిపోతే కర్మాగారాలు మూతపడతాయి కదా! మెల్లగా తలుపు తెరిచారు. 1915 అక్టోబరులో ఒక్క రుణమే 50 కోట్ల డాలర్లు. 1917 ఏప్రిల్ నాటికి మిత్రపక్షానికి ఇచ్చిన అప్పు సుమారు 230 కోట్లు, జర్మనీకి 3 కోట్ల లోపు. ఎవరు గెలిస్తే బాకీ వసూలవుతుందో చెప్పడానికి అకౌంట్స్ టెస్టు పాసవనక్కరలేదు. అయితే అప్పుల వాళ్ళ కోసమే విల్సన్ యుద్ధానికి వెళ్ళారనే వాదనను నేను పూర్తిగా ఒప్పుకోను. ఆయన పంతం ఉన్న మనిషి. ఆయనను కదిలించింది సముద్రంలో పోయిన ప్రాణాలు. ఖాతా పుస్తకం మాత్రం కాలు జారే దారిని ముందే తడిపి ఉంచింది.

జర్మనీ దగ్గర జలాంతర్గాములు ఉన్నాయి. 1915 మే 7న ఐర్లండు తీరంలో లూసిటేనియా అనే బ్రిటిష్ ప్రయాణికుల నౌకను పేల్చివేస్తే దాదాపు 1,200 మంది మునిగిపోయారు. వారిలో 128 మంది అమెరికన్లు. ఆ నౌకలో తూటాల పెట్టెలు కూడా ఉన్నాయి. విల్సన్ జర్మనీకి తీవ్రమైన లేఖలు వ్రాశారు. ఒక పక్షానికి అంత గట్టిగా, రెండో పక్షానికి మెత్తగా వ్రాస్తే న్యాయం కాదని, పైగా అమెరికన్లను అలాంటి ఓడలు ఎక్కవద్దని ముందు చెప్పాలని బ్రయాన్ వాదించి, వినకపోతే జూన్‌లో రాజీనామా ఇచ్చారు. ఈ బ్రయాన్ 1906లో మన దేశం వచ్చి, బ్రిటిష్ పాలనను విమర్శిస్తూ వ్రాసినాయనే. డ్రాఫ్టు మీద సంతకం చేయలేక మంత్రి పదవి వదులుకున్నవారు చరిత్రలో ఎందరో లేరు.

ఆ డిసెంబరులోనే విల్సన్ ఎడిత్ గాల్ట్ అనే వితంతువును రెండో వివాహం చేసుకున్నారు. మరుసటి ఏడు జర్మనీ కాస్త వెనక్కి తగ్గి, హెచ్చరించకుండా ఓడలను ముంచబోమని మాట ఇచ్చింది. దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచిన మనిషిగా ఆయన పార్టీ ప్రచారం చేసుకుంది. 1916 నవంబరు ఎన్నికలో 277, 254 తేడాతో గట్టెక్కారు. ఒక్క కాలిఫోర్నియాలో నాలుగు వేల లోపు ఓట్లు అటైతే ఆయన ఇంటికి వెళ్ళవలసినదే.

1917 జనవరి 22న సెనేటులో ఆయన ఎవరూ గెలవని, ఎవరూ ఓడని శాంతి కావాలని ప్రసంగించారు. తొమ్మిది రోజులు గడిచేసరికి జర్మనీ తన మాట వెనక్కి తీసుకుంది. ఫిబ్రవరి 1 నుంచి కనబడిన ఓడనల్లా ముంచుతామన్నది. ఇంతలో ఒక టెలిగ్రాం బయటపడింది. తంతి శాఖలో పనిచేసిన మిత్రులకు ఇది ఆసక్తిగా ఉంటుంది. జర్మనీ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్, అమెరికాతో యుద్ధం వస్తే మీరు మాతో కలవండి, టెక్సాస్, న్యూ మెక్సికో, అరిజోనా మీకు తిరిగి ఇప్పిస్తామని మెక్సికోకు రహస్య సంకేత భాషలో తంతి పంపాడు. శాంతి చర్చల కోసమని విల్సన్ గారే జర్మనీకి వాడుకోనిచ్చిన అమెరికా తంతి మార్గంలోనే అది వెళ్ళింది. బ్రిటిష్ వారు దానిని పట్టి చదివి అమెరికాకు అందజేశారు. మార్చి 1న పత్రికలలో వచ్చింది. అబద్ధమని బొంకవచ్చును గాని జిమ్మర్‌మన్ నిజమేనని ఒప్పుకున్నాడు. అంతవరకు యుద్ధం పట్టని పడమటి రాష్ట్రాల రైతుకు కూడా అది తన పొలం గట్టు దాకా వచ్చినట్టయింది.

ఏప్రిల్ 2న విల్సన్ కాంగ్రెసును యుద్ధ ప్రకటన కోరారు. సెనేటులో 82 మంది అవునన్నారు, ఆరుగురు కాదన్నారు. దిగువ సభలో 373 మంది అవునన్నారు, 50 మంది కాదన్నారు. ఆ 50 మందిలో ఒకరు జెనెట్ రాంకిన్, అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి మహిళ. ఈమె 1941లో కూడా యుద్ధానికి వ్యతిరేకంగా ఓటు వేసింది, అప్పుడు ఆమె ఒక్కతే. గాంధీ గారి మార్గం తెలుసుకోవడానికి పలుమార్లు మన దేశం వచ్చి వెళ్ళింది.

ఇక ఇళ్ళలో ఏం జరిగిందో చూద్దాం. యుద్ధం ప్రకటించిన నాటికి ఆ దేశపు స్థిర సైన్యం లక్షా పాతిక వేల పైచిలుకు. మే నెలలో నిర్బంధ సైనిక భర్తీ చట్టం వచ్చింది. జూన్ 5న ఒక్క రోజే 21 నుంచి 30 ఏళ్ళ మధ్య మగవారు 90 లక్షలకు పైగా పేర్లు నమోదు చేయించుకున్నారు. ఆ ఫారాలు నింపిన స్థానిక సిబ్బంది కష్టం ఊహించుకోండి. ఎన్నికల విధులు చేసిన మనకు కొంత తెలుసు. మొత్తం మీద 28 లక్షల మందిని ఆ విధంగా సైన్యంలోకి తీసుకున్నారు. సుమారు 20 లక్షల మంది ఫ్రాన్సు చేరారు. లక్షా పదహారు వేల మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా పోయింది తుపాకీ గుండుకు కాదు, రోగాలకు, ముఖ్యంగా 1918 ఇన్‌ఫ్లుయెంజాకు.

ఆహార వ్యవహారాలు హెర్బర్ట్ హూవర్ చేతికి అప్పగించారు. ఇంటింటికీ రేషను కార్డులు పెట్టకుండా ఆయన గృహిణులచేత ప్రతిజ్ఞా పత్రాలు వ్రాయించుకున్నాడు. సోమవారం గోధుమ రొట్టె మానాలి, మంగళవారం మాంసం మానాలి. మన ఇళ్ళలో ఏకాదశి, శనివారం వలె అక్కడ దేశమంతా వారాలు పట్టిందన్నమాట. పెరళ్ళలో కూరగాయలు వేశారు. అధ్యక్షుని భవనం పచ్చిక కోయడానికి మనుషులు ఎందుకని గొర్రెలను తోలారు, వాటి ఉన్ని వేలం వేసి రెడ్ క్రాసుకు 50 వేల డాలర్లకు పైగా ఇచ్చారు. బొగ్గు చాలక 1918 జనవరిలో తూర్పు రాష్ట్రాల కర్మాగారాలు కొన్ని రోజులు మూసివేయించారు. గడియారాన్ని వేసవిలో గంట ముందుకు తిప్పే పద్ధతి వారికి అప్పుడు వచ్చినదే. రైళ్ళన్నీ ప్రభుత్వం చేతిలోకి తీసుకుని వాటి పెత్తనం ఖజానా మంత్రి మెకడూకు ఇచ్చారు. ఈయన విల్సన్ గారి చిన్నల్లుడు. ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా ప్రశ్నించినట్టు లేదు!

యుద్ధ ఖర్చుకు లిబర్టీ బాండ్లు అమ్మారు. మొత్తం సుమారు 2,100 కోట్ల డాలర్లు వసూలైంది. బడిపిల్లలచేత పాతిక సెంట్ల స్టాంపులు కొనిపించారు. లక్ష్యాలు నిర్ణయించి చిన్నమొత్తాల పొదుపు వసూలు చేయించిన రోజులు మన ఉద్యోగులలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నేను గుర్తుంచుకోమన్న ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు ఏడు నుంచి 1918 నాటికి 77 అయింది. 1914లో పది డాలర్లకు వచ్చిన సామాను 1920లో కొనాలంటే ఇరవై డాలర్లు కావాలి. స్థిరమైన జీతం మీద బ్రతికేవారికి డి.ఎ. లేని రోజుల్లో ఇది ఎంత దెబ్బో వేరే చెప్పాలా?

మగవారు సైన్యానికి వెళితే ఖాళీ అయిన కుర్చీలలో స్త్రీలు కూర్చున్నారు. నౌకాదళమే 11 వేల మందికి పైగా స్త్రీలను చేర్చుకుంది. వారిలో ఎక్కువమంది చేసింది గుమాస్తా పని, మగవారితో సమానమైన జీతానికి. దక్షిణాది పత్తి పొలాల నుంచి సుమారు అయిదు లక్షల మంది నల్లవారు ఉత్తరాది కర్మాగారాలకు కదిలిపోయారు. ఓటు హక్కు కోసం అధ్యక్షుని భవనం గేటు ముందు అట్టలు పట్టుకుని నిలబడిన స్త్రీలను 1917లో జైలుకు పంపారు, నిరాహార దీక్ష చేస్తే ముక్కు గొట్టాలతో ఆహారం ఎక్కించారు. మరుసటి సంవత్సరం విల్సన్ స్వయంగా సెనేటుకు వెళ్ళి, యుద్ధంలో స్త్రీలు చేసిన సేవకు ఓటు ఇవ్వవలసిందేనని కోరారు. 1920 ఆగస్టులో అది రాజ్యాంగ సవరణ అయింది. ధాన్యం ఆదా పేరుతో మొదలైన మద్యనిషేధం కూడా రాజ్యాంగంలోకి ఎక్కి 1933 దాకా నిలిచింది. మన రాష్ట్రంలో 1995లో పెట్టిన నిషేధం రెండేళ్ళకే సడలిపోయింది.

రెండో వైపు కూడా చెప్పాలి. యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడితే జైలుకు పంపే చట్టాలు 1917, 1918లలో వచ్చాయి. సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కు ఒక ప్రసంగం చేసినందుకు పదేళ్ళ శిక్ష వేశారు. ఆయన 1920లో జైలు నుంచే అధ్యక్ష పదవికి పోటీ చేస్తే తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. యుద్ధం ముగిసిన తరువాత కూడా విల్సన్ క్షమించలేదు. తరువాత వచ్చిన హార్డింగ్ విడిపించాడు. జర్మన్ భాషను అనేక బడులలో మానిపించారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ కార్మికుని 1918 ఏప్రిల్‌లో జనం గుంపుగా వచ్చి చెట్టుకు ఉరితీశారు. కేసులో ముద్దాయిలందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. తటస్థంగా ఉన్నంతకాలం పక్కింటివాడిగా ఉన్న మనిషి ఒక్క ఏడాదిలో శత్రువైపోయాడు.

1918 జనవరి 8న విల్సన్ ప్రకటించిన 14 సూత్రాలు ప్రపంచమంతటా ఆశలు రేపాయి. మనవారు అప్పటికే ఆయన వైపు చూశారు. హోంరూల్ ఉద్యమంలో అనిబిసెంట్ గారిని నిర్బంధించినప్పుడు, మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ గారు 1917 జూన్‌లో విల్సన్‌కు స్వయంగా లేఖ వ్రాసి భారతదేశానికి స్వపరిపాలన ఇప్పించమని కోరారు. మన ఆంధ్ర జిల్లాలు ఆనాడు ఆ మద్రాసు రాజధానిలోనివే. లేఖ సంగతి బయటపడి బ్రిటిష్ ప్రభుత్వం మండిపడితే, పెద్దాయన తన సర్ బిరుదును, దివాన్ బహదూర్ బిరుదును వదులుకున్నారు. పదవీ విరమణ చేసిన వయోవృద్ధుడు చేసిన పని ఇది. విల్సన్ వల్ల మాత్రం మనకు ఒరిగినది లేదు. పారిస్ సమావేశంలో మన తరఫున కూర్చున్నవారు బ్రిటిష్ వారు ఎంపిక చేసినవారే. జాతుల సమానత్వం నానాజాతి సమితి నిబంధనలలో చేర్చాలని జపాను ప్రతిపాదిస్తే, ఎక్కువ ఓట్లు వచ్చినా ఏకగ్రీవం కాలేదని కుర్చీలో ఉన్న విల్సన్ తోసిపుచ్చారు. అది 1919 ఏప్రిల్ 11. రెండు రోజుల తరువాత అమృతసర్‌లో జలియన్‌వాలాబాగ్.

సంధి మీద జూన్ 28న సంతకాలయ్యాయి. దానిని సెనేటు ఆమోదించాలి. ఆమోదించేటట్టు లేదని ప్రజల దగ్గరకు వెళ్ళి, రైలులో వేల మైళ్ళు తిరిగి ఊరూరా ప్రసంగించారు. సెప్టెంబరు 25న కొలరాడోలో ప్రసంగం తరువాత కూలబడ్డారు. అక్టోబరు 2న పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అప్పటి నుంచి నెలల తరబడి ఏ ఫైలు ఆయన వద్దకు వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో నిర్ణయించినది భార్య ఎడిత్ గారు. మంత్రులు కాగితాలు పట్టుకుని గది బయట నిలబడేవారు. జవాబు ఆమె చేతివ్రాతతో వచ్చేది. కొన్నింటికి జవాబే వచ్చేది కాదు. ఎంత జబ్బో మంత్రులకూ చెప్పలేదు. అధికారి సెలవులో ఉంటే ఇన్‌ఛార్జి ఎవరో ఉత్తర్వు ఉండాలనే మామూలు నియమం అంత పెద్ద దేశపు రాజ్యాంగంలో స్పష్టంగా లేకపోయింది. 1967లో సవరణ చేసి దానిని సరిదిద్దారు. సంధిలో కొన్ని సవరణలకు ఒప్పుకుంటే నెగ్గేదని మిత్రులు బతిమాలినా విల్సన్ కదలలేదు. సెనేటు 1919 నవంబరులోను, 1920 మార్చిలోను త్రోసివేసింది. ఆయన కల్పించిన నానాజాతి సమితిలో ఆయన దేశం చేరనే లేదు.

ఆ జబ్బు రోజులలోనే, 1920 మే 22న, ఆయన సంతకంతో ఒక చట్టం వచ్చింది. అమెరికా కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగులకు మొదటిసారిగా పింఛను ఏర్పాటు చేసిన చట్టం అది. జీతంలో నూటికి రెండున్నర చొప్పున కోత, సాధారణంగా 70 ఏళ్ళకు విరమణ, కనీసం 15 ఏళ్ళ సర్వీసు. అంతవరకు ముసలి గుమాస్తాలు కళ్ళు కనిపించకపోయినా కుర్చీలో కూర్చోవలసిందే, దిగితే తిండి లేదు. మన పెన్షనర్లు ఆయనను తలచుకోవడానికి ఇదొక్కటి చాలని నాకనిపించింది. తెర చాటున కూర్చోబెట్టిన గుమాస్తాలకూ ఆ పింఛను వచ్చింది. చిత్రమేమంటే అధ్యక్షునికి పింఛను లేదు, అది 1958లో గాని రాలేదు. 1921లో పదవి దిగిన విల్సన్ వాషింగ్టన్‌లో ఇల్లు కొనడానికి స్నేహితులు తలా కొంత వేసుకున్నారు. 1919 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి ఆయనకు దక్కింది. 1924 ఫిబ్రవరి 3న ఆ ఇంట్లోనే చనిపోయారు. ఆయన పేరు పెట్టుకున్న ప్రిన్స్‌టన్ పరిపాలనా పాఠశాల, పైన చెప్పిన తెరల కారణంగానే, 2020లో ఆ పేరు తీసివేసింది.

పెద్ద కుమార్తె మార్గరెట్ తండ్రి పోయాక శ్రీ అరవిందుల రచనలు చదివి, 1938లో పాండిచ్చేరి ఆశ్రమానికి వచ్చి అక్కడే ఉండిపోయింది. శ్రీ అరవిందులు ఆమెకు నిష్ఠ అని పేరు పెట్టారు. మూత్రపిండాల వ్యాధి ముదిరినా స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు. 1944 ఫిబ్రవరి 12న పాండిచ్చేరిలో మరణించింది. ఆనాటికి ఆమె దేశం మళ్ళీ రెండేళ్ళు తటస్థంగా ఉండి, మళ్ళీ యుద్ధంలో ఉంది.